దిబ్బ పార్కులో చేటెడు తవుడు

నంద్యాలలో ఇప్పుడు జనం పిల్లల్ని తీసుకుపోయి జారుడుబల్ల ఎక్కించే ఆ పార్కు, కొన్నేళ్ళ కిందటి దాకా చెత్తదిబ్బ. ఊరి పెంటంతా అక్కడికే వచ్చి పడేది. ఆళ్ళగడ్డ నుంచి బస్సులో వస్తుంటే నంద్యాల వచ్చిందని కళ్ళకంటే ముందు ముక్కు చెప్పేది. ఆడవాళ్ళమంతా ఒక్కసారిగా కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్ళం. తర్వాత ఎర్రమట్టి తోలి, దిబ్బను చదును చేసి, గడ్డి పెంచి, సిమెంటు ఏనుగునూ జింకలనూ నిలబెట్టి, ఊయలలు కట్టి, గేటు దగ్గర టికెట్టు పెట్టారు. గడ్డిలో అక్కడక్కడా వంకర మెడల గొట్టాలు లేచి ఉంటాయి. లోపల కుళ్ళుతున్నదాని గాలి బయటికి పోవడానికట. గద్దలకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. అవి ఇప్పటికీ పైన తిరుగుతూనే ఉంటాయి.

ఆ పార్కుకు మేము మొదటిసారి పోయింది ఆడుకోవడానికి కాదు. మా చెల్లెలి బిడ్డను పెంట మీద పడేసి రావడానికి పోయినాం. పడేసి రావడమంటే నిజంగా పడేయడం కాదులెండి. చెప్తాను.

మా చెల్లెల్ని నంద్యాలకిచ్చినాం. దానికి ఇద్దరు పిల్లలు పుట్టి పోయినారు. మొదట మగపిల్లవాడు, తర్వాత ఆడపిల్ల. ఇద్దరూ పురిటి మైల తీరకముందే కళ్ళు మూసినారు. మూడోసారి కడుపు నిలిచినప్పుడు మా అమ్మ లేదు కాబట్టి పురిటికి నా దగ్గరికే ఆళ్ళగడ్డకు తెచ్చుకున్నాను. మాది రాతి బొమ్మలు చెక్కే ఇల్లు. పొద్దున లేస్తే ఉలి చప్పుడు, తెల్లని రాతి దుమ్ము. నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. కొన్నాళ్ళు ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఉంది. ఇంటికి తెచ్చేనాటికి పిల్లి పిల్లంత ఉంది గానీ, గొంతు మాత్రం ఊరంతది. వాకిట్లో ఉలి ఆగితే చాలు, లేచి ఏడ్చేది. చప్పుడుంటే నిద్రపోయేది. మా ఇంటికి తగ్గ బిడ్డే అనుకున్నాను.

నాకు బిడ్డ గురించి బెంగ లేదు. రోజురోజుకూ బుగ్గలొస్తున్నాయి, ఇంకేం కావాలి? నా బెంగంతా చెల్లెలి గురించి. అది పాలివ్వడం ఇస్తుంది, నీళ్ళు పోయడం పోస్తుంది, తడిగుడ్డలు మార్చడం మారుస్తుంది. కానీ ఆ బిడ్డ ముఖంలోకి చూడదు. ఎవరో ఒప్పజెప్పిన సామాను చూసుకున్నట్టు చూసుకుంటుంది. "అక్కా, అది ఏడుస్తాంది" అంటుంది. అది! ముద్దుపేరు లేదు, బుగ్గన చుక్క లేదు, ఒక్క ముద్దు లేదు. పక్కింటామె వచ్చి "కండ్లు అచ్చం నీవే మే" అన్నదో లేదో, లేచి వంటింట్లోకి పోయింది. టీకాలు వేసే అమ్మాయి వచ్చి "తల్లి ఎవురు?" అని అడిగితే గోడవైపు చూస్తూ నిలబడింది. చివరికి నేనే "ఆ నిలబడిందే తల్లి, నోట్లో బెల్లం గడ్డ పెట్టుకోనుండాది" అని కసిరినాను.

ఒకరోజు పట్టలేక అడిగేసినాను. నా నోరు మంచిది కాదు. అది మా వీధిలో కుక్కలకు కూడా తెలుసు.

"ఏందిమే నీ కథ? కన్నదానివి నువ్వా, నేనా? ఒక్కపారన్నా నా బిడ్డ అనినావా నువ్వు?"

అది తలెత్తలేదు. గుడ్డలు మడతపెడుతూ, "అట్లా అనకూడదులే అక్కా" అన్నది. అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఇద్దర్ని పోగొట్టుకున్న మనిషిని ఏమని తిడతాం? కానీ రాత్రి పడుకుంటే అదే భయం. బిడ్డ బతికింది సరే, నా చెల్లెలు దానికి తల్లి కాకుండానే మిగిలిపోతుందేమోనని.

అట్లాంటి సమయంలో దాని అత్త నంద్యాల నుంచి వచ్చింది. మంచి మనిషే. చూడ్డానికి ఎండుమిరపకాయలా ఉంటుంది గానీ లోపల వెన్న. ఆమెది ఒక పాత మొక్కు. బిడ్డలు నిలవని ఇళ్ళలో మా పక్క ఒక ఆచారం ఉంది. పుట్టిన బిడ్డను చేటలో పెట్టి తీసుకుపోయి పెంటదిబ్బ మీద విడిచిపెడతారు. వేరే ఎవరో ఆడమనిషి ఎత్తుకుంటుంది. కన్నతల్లి తరఫువాళ్ళు ఆమెకు ఇంత తవుడిచ్చి బిడ్డను కొనుక్కుంటారు. అంటే ఇది మేము కన్నది కాదు, పెంట మీద దొరికింది, తవుడుకు వచ్చింది అని మృత్యువుకు చెప్పడమన్నమాట. పెంట మీద దొరికినదాని మీద ఎవరి కన్నూ పడదు. ఆమె తన కొడుకును, అంటే మా మరిదిని, అట్లాగే దక్కించుకుందట. ఆ నంద్యాల దిబ్బ మీదే. పేరు కూడా దిబ్బ కలిసొచ్చేటట్టు పెట్టింది. ఆ పేరు ఇక్కడ రాస్తే మా మరిది ఈ జన్మకు నాతో మాట్లాడడు. బళ్ళో చేరేటప్పుడు వేరే పేరు రాయించుకున్నాడు పాపం.

ఆమె ఇప్పటికీ నలుగురిలో "నా కొడుకు" అనదు. ఎవరైనా అడిగితే "యాడిదిమ్మా, దిబ్బ మీద దొరికినాడు" అంటుంది. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు కూడా అట్లాగే అన్నది. మా నాయన బిత్తరపోయి, పిల్లవాడు దత్తత వచ్చినాడేమోనని నన్ను పక్కకు పిలిచి అడిగినాడు.

"మూడో నెల వస్తానే కోడల్నీ బిడ్డనూ నంద్యాలకు పిల్చుకపోతా. ఇంట్లో కాలు పెట్టేదానికి ముందే దిబ్బ మీద పెట్టి ఎత్తుకోవల్ల. మొక్కుకోనుండా" అన్నదామె.

"అత్తా, నీకు మతి ఉండాదా? అద్దాల పెట్టెలో నుంచి వచ్చిన బిడ్డ. పెంట మీద పెడ్తావా? పురుగూ పుట్రా!" అన్నాను.

"యాడ పెంట? ఆడ పార్కు కట్టినారు గదా."

"పార్కు కట్టినాక ఇంగ దిబ్బ యాడిది?"

"కింద ఉండేది దిబ్బే గదా పాపా. పైన చీర కట్టినంత మాత్రాన ముసలిది పడుచుది అయితాదా?"

అయినా ఒప్పుకునేదాన్ని కాదు. అప్పుడు మా చెల్లెలు, గోడకు ఆనుకుని కూర్చున్నది, "పెడ్దాంలే అక్కా" అన్నది. బిడ్డ విషయంలో తనంతట తాను నోరు తెరిచి ఇది కావాలి అన్నది అదే మొదలు. ఇంక నేనేం మాట్లాడతాను? కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను.

మరిది విత్తనాల గోడౌనులో పని చేస్తాడు, సెలవు ఆదివారమే. కాబట్టి ముహూర్తం కూడా ఆదివారమే అయింది. నేను, చెల్లెలు, అత్త, ఒడిలో బిడ్డ, సంచిలో తవుడు, చంకలో వెదురుచేట. ఆళ్ళగడ్డలో బస్సెక్కినాం. తవుడు కోసం అత్త పడ్డ పాట్లు ఒక రామాయణం. ఈ కాలంలో ఎవరింట్లో ఉంటుంది? మూడు వీధుల అవతల బర్రెలున్నవాళ్ళను బతిమాలి తెచ్చింది. శిరివెళ్ళ దాటేసరికి సంచి నోరు ఊడిపోయి నా చీరంతా తవుడే. కండక్టరు అది చూసి, "ఏమ్మా, బర్రెను గూడా ఎక్కించింటే సగం టికెట్టు కొట్టేటోణ్ణి" అన్నాడు. నేను కూడా తగ్గలేదు. "నువ్వుండావు గదప్పా, ఇంకో బర్రె ఎందుకు" అన్నాను. బస్సంతా నవ్వింది. మా చెల్లెలు మాత్రం కిటికీలో నుంచి బయటికే చూస్తూ కూర్చుంది. నల్లమల కొండలు దూరంగా నీలంగా కనపడుతున్నాయి. బిడ్డ దాని కొంగు కొసను పిడికిట్లో పట్టుకుని నిద్రపోతోంది. ఆ పిడికిలి విప్పాలని గానీ, దాన్ని చూడాలని గానీ చెల్లెలికి లేదు.

మరిది పార్కు గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బిడ్డను చూసి ఎంత ఆశగా చేతులు చాచినాడో! వాళ్ళమ్మ చేతి మీద కొట్టింది. "ఇప్పుడు ముట్టుకోవాకు. ఎత్తుకున్నాక ముట్టుకో." పిచ్చివాడు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ సంచి విప్పమన్నాడు.

"బయటి తిండి లోపలికి పోకూడదమ్మా."

"ఇది తిండి కాదప్పా, తవుడు" అన్నది అత్త.

"తవుడు తిండి కాదా?"

"నువ్వు తింటావా?"

"నేను తినను."

"ఇంగ తిండెట్లా అయితాది?"

అతను చేటను చూసి, బిడ్డను చూసి, మమ్మల్ని చూసి, ఏదో పిచ్చి గుంపు అనుకున్నట్టున్నాడు, పొండి పొండి అన్నాడు.

లోపల జాతరలా ఉంది. గుంపులు గుంపులుగా జనం. చిత్రాన్నం పొట్లాలు గేటు దాటి ఎట్లా వచ్చినాయో గానీ, చెట్టుకొకరు విప్పుకుని కూర్చున్నారు. పిల్లలు సిమెంటు ఏనుగు తొండం మీద వేలాడుతున్నారు. నిజం చెప్పాలి, నాకు బాగా నచ్చింది. ముక్కు మూసుకున్న చోట మల్లెపూలమ్మే ఆమె తిరుగుతోంది. ఒక ముసలాయన వంకర గొట్టం పక్కన తువ్వాలు పరుచుకుని హాయిగా కునుకు తీస్తున్నాడు. మన ఊళ్ళకు కూడా ఇట్లాంటిది ఒకటుండాలి అనుకున్నాను.

అత్తకు మాత్రం నచ్చలేదు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూస్తూ, "ఇంత శుభ్రంగా ఉంటే ఎట్లా? ఒక ఎంగిలి విస్తరాకన్నా లేదు" అని గొణిగింది. పార్కు శుభ్రంగా ఉందని ఏడ్చిన మనిషిని ఆమెనొక్కతెనే చూసినాను. చివరకు ఏనుగు వెనక, పనివాళ్ళు ఊడ్చి పోగేసిన ఎండుటాకుల కుప్ప ఒకటి దొరికింది. దాని మీద రెండు పల్లీల పొట్లాలు, ఒక ఐసుపుల్ల. ఆమె ముఖం వెలిగిపోయింది. "ఇదే నా బంగారు దిబ్బ!"

ఏర్పాటు ఇది. అత్త చేటను ఆకుల మీద పెట్టి వెనక్కి తిరక్కుండా వచ్చేయాలి. చెల్లెలు దూరంగా వేపచెట్టు కింద నిలబడాలి. ఎవరు ఏమడిగినా ఈ బిడ్డ నాది అనకూడదు. తవుడిచ్చి కొనేదాకా ఆ మాట నోట్లోంచి రాకూడదు. నేను ఏనుగు అవతల నుంచి, దోవన పోయేదానిలా వచ్చి, "అయ్యో, ఎవరి బిడ్డో" అని ఎత్తుకోవాలి. నా పిల్లలిద్దరూ గట్టిగా ఉన్నారు కాబట్టి నా చెయ్యి మంచిదట. మరిదిని పల్లీలు కొనుక్కురమ్మని పంపేసింది, నడుమ వచ్చి పాడుచేస్తాడని.

చేట ఆకుల మీద పెట్టగానే బిడ్డకు మెలకువ వచ్చింది. నేను ఏనుగును చుట్టుకుని నడవబోయినాను. గడ్డి మీద నాలుగడుగులు వేసినానో లేదో, ఈల! లోపలి కాపలావాడు.

"అమ్మా, గడ్డి తొక్కకూడదు. బోర్డు కనపడదా?"

"ఆ పిల్లలు దొర్లుతాండారు, వాళ్ళకు ఈల ఎయ్యవా?"

"వాళ్ళు పిల్లలు. నువ్వు పిల్లవా?"

"నేను గడ్డి తొక్కితే చస్తాదా? దీని కింద ఊరి పెంటంతా తొక్కిపెట్టినారు, అప్పుడేమాయె నీ బోర్డు?"

అని మొదలుపెట్టినాను. మొదలుపెడితే నాకు ఆపడం రాదు. వాడికీ రాదు. ఇద్దరం మంచి రసపట్టులో ఉండగా, ఏనుగు వెనక నుంచి పెద్ద కేక.

"అయ్యయ్యో! ఎవురో పసిబిడ్డను పారేసి పోయినారు! రాండి! రాండ్రా!"

పరుగెత్తినాను. ఒక పెద్దామె, చుట్టూ అరడజను మనవళ్ళు, గడివేముల పక్కనుంచి పార్కు చూపించడానికి తీసుకొచ్చిందట. వాళ్ళ బంతి ఆకుల కుప్ప దగ్గరికి వచ్చింది. బంతి కోసం వచ్చి బిడ్డను చూసింది. ఇంకేముంది, బిడ్డను గుండెకు హత్తుకుని ఒకటే కేకలు. బిడ్డ అంతకంటే గట్టిగా ఏడుస్తోంది. క్షణంలో జనం మూగినారు. ఫోన్లు బయటికొచ్చినాయి.

"ఆడపిల్లనా?"

"ఆడపిల్లే. అందుకే పారేసినారు."

"ఎవురో గానీ వాళ్ళ చేతులు పడిపోను!"

అప్పుడు మా అత్త జనాన్ని తోసుకుంటూ లోపలికి పోయింది. పోయి, జరిగిందేదో విడమరిచి చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఎవరు ఎత్తుకుంటే ఏముంది, ఆచారం నడిచిపోవాలి, అంతే ఆమెకు. సంచి ముందుకు చాచి, "తల్లీ, ఈ తవుడు తీస్కోని బిడ్డను మాకియ్యి" అన్నది.

పెద్దామె నోరు తెరిచింది. "ఏందీ? తవుడికి బిడ్డను కొంటావా?"

"కొంటాం తల్లీ. తొందరగా ఇయ్యి."

జనంలో నుంచి ఒకడు, "పిల్లల్ని కొనే ముఠా ఇది, పట్టుకోండి!" అన్నాడు. ఈలోపల మరిది పల్లీల పొట్లం పట్టుకుని, "మా! ఏమైందిమా?" అంటూ వచ్చినాడు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకోబోయినాడు. ఎవరో అతని చొక్కా పట్టుకుని, "ఏయ్ ముసలిదానా, వీడెవుడు?" అని గద్దించినారు.

ఆమె, కంగారులోనే, ఏళ్ళ తరబడి అలవాటైన నోటితో, "దిబ్బ మీద దొరికినాడు నాయనా" అన్నది.

"వీడూ దిబ్బ మీదనే దొరికినాడా! మీకందరూ దిబ్బ మీదనే దొరుకుతారా?"

దేవుడా! ఆ స్థితిలో కూడా నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుంటూనే ముందుకు దూకినాను. "ఇడ్సండప్పా వాణ్ణి! బిడ్డ మాది."

పెద్దామె నన్ను కింద నుంచి పై దాకా చూసింది. "నీదా?"

"నాది కాదు, మా చెల్లెలిది."

"ఈ ముసలామె కొంటా అంటాంది, నువ్వు మాది అంటాండావ్, మళ్ళా నాది కాదు అంటాండావ్. ఏదీ చెల్లెలు?"

అందరూ చెట్టు వైపు తిరిగినారు. మా చెల్లెలు అక్కడే నిలబడి ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పెద్దామె బిడ్డను జోకొడుతూ దాని దగ్గరికి నడిచింది. మంచి మనిషి, గొంతు తగ్గించే అడిగింది. "ఏమ్మా, భయపడాకు. ఈ బిడ్డ నీదేనా?"

వెనక నుంచి అత్త తల అడ్డంగా ఊపుతోంది, కళ్ళతో బతిమాలుతోంది. అనొద్దు, అనొద్దు. నాకేమో లోపల ఒకటే గోల. అనవే, అని చావవే, ఇన్నాళ్ళుగా ఆ ఒక్క మాట కోసమే కాచుకున్నాను. చెల్లెలు అత్తను చూసింది. నన్ను చూసింది. పెదవులు కదిలినాయి గానీ మాట రాలేదు.

"సరే," అన్నది పెద్దామె, "నోరు తెరవకుంటే నేనేం చేసేది? తీస్కపోయి పోలీసోళ్ళకు అప్పజెప్తా. ఏ పుణ్యాత్ములకో ఇస్తారు, సాక్కుంటారు." బిడ్డను భుజం మీద వేసుకుని గేటు వైపు నడిచింది. మనవళ్ళు వెనక. బిడ్డ ఆమె భుజం మీద నుంచి వెనక్కి తిరిగి ఏడుస్తోంది.

నేను అడ్డం పోబోయినాను. అంతలోనే నన్ను తోసుకుంటూ ఒక మనిషి పరుగెత్తింది. కాళ్ళకు చెప్పులు కూడా లేవు. నా చెల్లెలు అంత గట్టిగా అరవగలదని నాకు తెలియదు.

"యాడికి ఎత్కపోతాండావ్? ఇయ్యి! నా బిడ్డ అది! నేను కన్నా! నా బిడ్డ, నా బిడ్డను నాకియ్యి!"

పార్కంతా ఆగిపోయింది. ఊయలల మీది పిల్లలు కూడా కాళ్ళు నేలకానించి చూస్తున్నారు. పెద్దామె ఇవ్వకముందే చెల్లెలు బిడ్డను లాగేసుకుంది. లాగేసుకుని దాని తల, బుగ్గలు, చెవులు, పాదాలు, ఎక్కడ పడితే అక్కడ ముద్దులు పెట్టింది. బిడ్డ ఊపిరాడక ఇంకా గట్టిగా ఏడ్చింది. ఏడవనీ! నేనూ ఏడ్చినాను. సిగ్గేముంది, గడ్డి మీద నిలబడి బావురుమన్నాను. ఈలవాడు నా పక్కనే ఉన్నాడు. ఈల వేయలేదు.

పెద్దామెకే ముందు తెలివొచ్చింది. "ముందే అనేదానికి నీకేం రోగమమ్మా? నా గుండె ఆగిపోయింటే ఈ పిల్లోళ్ళను ఎవురు ఇంటికి తీస్కపోతారు?" అని తిట్టింది. తిడుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను అంతా చెప్పినాను. ఇద్దరు పోయిందీ, మొక్కూ, తవుడూ. జనం చప్పున మెత్తబడినారు. మరిది చొక్కా పట్టుకున్నవాడు దాన్ని సర్ది, ఊడిన గుండీ వెతికిచ్చినాడు.

అత్త మాత్రం కిందనే కూలబడిపోయింది. సంచి ఒళ్ళో పెట్టుకుని, "అనేసింది. దిబ్బ మీదనే నిలబడి, అంత గట్టిగా అనేసింది. ఇంగేం చేసేది నేను" అంటోంది. ఆమె భయం నటన కాదు. సంచి మూతి ముడి వేస్తోంది, విప్పుతోంది, మళ్ళా వేస్తోంది. నేను ఇలాంటివి నమ్మను, కానీ ఆ చేతుల్ని చూసి నవ్వలేకపోయినాను.

పెద్దామె వచ్చి ఆమె పక్కన చతికిలబడింది. "మాయక్కా, మా పక్క గూడా చేస్తారు ఇది. ఏదీ, ఇట్ల తే తవుడు." కొంగు పట్టింది. "నేను ఎత్తుకున్న్యా గదా? దొరికిందనే ఎత్తుకున్న్యా. పోస్తావా పొయ్యవా?"

అత్త తలెత్తి చూసింది. మెల్లగా ఆమె కళ్ళలో ఏదో లెక్క తిరిగింది. నా వైపు చూపిస్తూ, "ఈ పిల్ల ఎత్తుకోనింటే అది దొంగాటే అయ్యేది గదా? నువ్వు నిజంగా దొరికిందనే ఎత్తుకుంటివి!" అన్నది. "మరే!" అన్నది పెద్దామె. అత్త తవుడంతా ఆమె కొంగులోకి పోసేసింది. "మా ఇంట్లో బర్రె గూడా లేదు, దీన్నేం చేసుకునేది" అని గొణుగుతూనే ముడి వేసుకుంది ఆ తల్లి. బిడ్డ నుదుటి మీద చేయి పెట్టి, మనవళ్ళను తోలుకుని, బంతి తీసుకుని పోయింది. ఆమె ఊరి పేరు తప్ప ఇంకేమీ అడగలేదు మేము. ఇప్పటికీ అదొక బాధ నాకు.

వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాం. చెల్లెలు కొంగు కప్పుకుని బిడ్డకు పాలిస్తోంది. మరిది పక్కన నిలబడి, ఇప్పుడు ముట్టుకోవచ్చా అన్నట్టు వాళ్ళమ్మను చూస్తున్నాడు. ఆమె ఊ అన్నది. అతను బిడ్డ పాదాన్ని పట్టుకున్నాడు. అంత పెద్ద చేతిలో ఆ పాదం కనపడనే లేదు.

కాసేపటికి అత్త గొంతు సవరించుకుంది. "సరే అయిపాయె. ఇంగ మీదట మాత్రం ఆ మాట అనొద్దు తల్లీ. మనసులో అనుకో. పైకి అనొద్దు."

"అంటా అత్తా" అన్నది చెల్లెలు.

మా చెల్లెలు వాళ్ళత్తకు ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. కోపంగా అనలేదు. బిడ్డనే చూస్తూ అన్నది.

"మొదటోణ్ణి నా బిడ్డ, నా బిడ్డ అని పొద్దస్తమానం అంటాంటి. పాయె. నువ్వు అనొద్దంటివి. రెండోదాన్ని ఒక్కపారి గూడా అనలేదు అత్తా. నోరు కట్టేసుకుంటి. అదీ పాయె. ఆ మాట ఇనకుండానే పాయె. దీన్నన్నా ఇననీ."

మరిది ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అత్త ఖాళీ సంచిని మడిచి పక్కన పెట్టింది. తర్వాత, పాలు తాగి నిద్రపోయిన బిడ్డను, "ఇట్లియ్యి" అని చేతుల్లోకి తీసుకుంది. అటూ ఇటూ చూసింది, ఎవరైనా వింటారేమో అన్నట్టు. వంగి, బిడ్డ చెవిలో, "నా మనవరాలు" అన్నది. గట్టిగా అనలేదు. పక్కనే కూర్చున్న నాకే సగం వినపడింది.